కిలో 440 టీ పొడి, కిలో 9,000 టీ ఆకు: పాలు పోసి మరిగిస్తే తేడా తెలుస్తుందా?

బ్రాడీపేట అమ్మాయి
మా తమ్ముడు డార్జిలింగ్ వెళ్లొస్తూ 100 గ్రాముల టీ తెచ్చాడు. 900 రూపాయలట. అమ్మ ఎప్పటిలాగే సగం నీళ్లు, సగం పాలు పెట్టి, ఆకు వేసి మూడు పొంగులు రానిచ్చింది. నాన్న ఒక గుక్క తాగి గ్లాసు పక్కన పెట్టేశారు. "టీ పొడి వేయడం మర్చిపోయావా?" అని అడిగారు. రంగు కూడా రాలేదు. తమ్ముడి మొహం చూడలేకపోయాం.

మేం రోజూ వాడేది కిలో 440 పడే ప్యాకెట్. ఇంట్లో నలుగురం, మనిషికి మూడు గ్లాసులు, అంటే రోజుకు పన్నెండు. నాన్న పోయిన ఏడాది రిటైరయ్యారు. ఆయనకున్న అలవాటు టీ ఒక్కటే. అందుకే మంచి టీ తాగించాలని నా కోరిక. ఖరీదైన టీకి నిజంగా అంత తేడా ఉంటుందా? ఉంటే మా ఇంటి పాల టీలో అది తెలుస్తుందా? మా సూపర్ మార్కెట్లో 350 నుంచి 1,200 దాకా ఉన్నాయి. ఎక్కడ ఆగాలో అర్థం కావడం లేదు.

ఓరుగల్లు చాయ్
అక్కా, డార్జిలింగ్ ఆకును పాలల్లో మరిగించిన్రా! పాపం తమ్ముడు. అది పాలు తట్టుకునే ఆకు కాదు. మా టీ కొట్టులో డస్ట్, అంటే బాగా సన్నటి పొడి, తప్ప ఇంకోటి వాడం.

కూనూరు వేలం
నేను నీలగిరుల్లో, కూనూరులో ఒక టీ బ్రోకర్ల ఆఫీసులో పన్నెండేళ్లు పనిచేశాను. వేలానికి ముందు వరసగా కప్పులు పెట్టి రుచి చూసే బల్ల దగ్గరే నా ఉద్యోగం. కాస్త పొడుగ్గా చెబుతాను, ఏమీ అనుకోకండి.

మీ ఇంట్లో ఉన్న ప్యాకెట్టూ మీ తమ్ముడు తెచ్చిన డబ్బా ఒకే జాతి మొక్క నుంచి వచ్చినవే. దారి మారేది ఫ్యాక్టరీలో. మన ప్యాకెట్లలో ఎక్కువ భాగం సీటీసీ, అంటే క్రష్, టియర్, కర్ల్. పళ్లున్న రెండు రోలర్లు వేర్వేరు వేగాలతో తిరుగుతుంటే, ఆకు మధ్యలో పడి నలిగి, చిరిగి, గుండ్రని గింజలుగా చుట్టుకుంటుంది. 1930ల్లో అస్సాంలో పుట్టిన పద్ధతి ఇది. ఆకులోని రసం అంతా బయటికొచ్చి గింజ మీదే ఆరుతుంది. వేడి నీళ్లు తగలగానే రంగు, చిక్కదనం దిగిపోతాయి. పాలు, పంచదార, అల్లం ఏం వేసినా ఆ రుచి పైకి వినిపిస్తుంది.

రెండోది ఆర్థడాక్స్, మీ తమ్ముడు తెచ్చింది ఇదే. ఆకును చేత్తో చుట్టినట్టు మెల్లగా నలుపుతారు, ముక్కలు చేయరు. అందులో దాచిపెట్టేది వాసన. పాలలోని ప్రోటీన్ వెళ్లి ఆకులోని వగరును పట్టుకుంటుంది, ఆ పలచని వాసనను పాల వాసన కప్పేస్తుంది. అందుకే మీ నాన్నగారికి టీయే లేనట్టనిపించింది. అమ్మగారు చేసింది తప్పేం కాదు, ఆ ఆకు ఆ పనికి పుట్టలేదు, అంతే.

కాబట్టి మీ ప్రశ్నను రెండుగా విడదీయాలి. పాల టీకి మంచి సీటీసీ ఏది అన్నది ఒకటి. పాలు లేకుండా తాగే టీకి ఎంత పెట్టొచ్చన్నది ఇంకొకటి. ఈ రెండింటినీ ఒకే ధరల పట్టికలో పెట్టి చూస్తే ఎప్పటికీ తేలదు.

బ్రాడీపేట అమ్మాయి
ధన్యవాదాలండీ. అయితే మొదటిదే చెప్పండి. సీటీసీలోనే 350, 440, 640, 1,100 ఉన్నాయి కదా. ఆ తేడా ఎందుకు?

కూనూరు వేలం
చాలా కారణాలు. ముందు ఆకు కోసిన కాలం. అస్సాంలో మే, జూన్‌లలో వచ్చే రెండో కోతకు మంచి పేరు. ఆ ఆకులో చిక్కదనం, బెల్లం పాకం లాంటి కమ్మదనం ఉంటాయి. వానలు దిగాక ఆకు విపరీతంగా వస్తుంది కానీ నీరుతనం ఎక్కువ, రేటు తక్కువ. తర్వాత కోత ఎలా కోశారన్నది. రెండు ఆకులు, ఒక మొగ్గ కోస్తే ఒక ధర. ముదురు ఆకు, కాడలు కలిసిపోతే ఇంకో ధర. కాడ ఎక్కువున్న పొడిలో ఎర్రటి పీచు కనిపిస్తుంది. దోసిట్లో పోసుకుని చూస్తే తెలిసిపోతుంది.

బల్ల దగ్గర మేం మొదట చూసేది రంగు ముదురుతనం కాదు, మెరుపు. థియాఫ్లేవిన్లు అనే పదార్థాలు బాగుంటే కప్పు అంచున బంగారు రంగు గీత వస్తుంది, నాలుక మీద చురుక్కుమంటుంది. అవి తగ్గి, వాటి స్థానంలో థియారూబిజిన్లు పెరిగిపోతే రంగు ముదురుగా ఉంటుంది కానీ రుచి మొద్దుగా ఉంటుంది. "మా టీ పొడి చాలా స్ట్రాంగు, నల్లగా వస్తుంది" అని చాలామంది మెచ్చుకుంటారు. నల్లగా రావడం ఒక్కటే గొప్ప కాదు.

కిరాణా కొట్టు
నాది తెనాలిలో కిరాణా షాపు. లెక్క నేను చెబుతాను, ఎందుకంటే అందరూ కిలో రేటు చూసి భయపడతారు, గ్లాసు రేటు ఎవరూ చూడరు.

ఒక గ్లాసుకు రెండున్నర గ్రాముల పొడి అనుకోండి. కిలో 440 అయితే గ్లాసుకు 1 రూపాయి 10 పైసలు. కిలో 640 అయితే 1 రూపాయి 60 పైసలు. తేడా అర్ధ రూపాయి. అదే గ్లాసులో 75 మిల్లీలీటర్ల పాలు పోస్తే, లీటరు 64 చొప్పున 4 రూపాయల 80 పైసలు. గ్యాస్ వేరే. మన గ్లాసులో టీయే చవక సరుకు! జనం పాల దగ్గర రాజీ పడరు, వెన్న తీయని పాల ప్యాకెట్టే కావాలంటారు. పొడి దగ్గరికొచ్చేసరికి పది రూపాయలు తక్కువున్న ప్యాకెట్ అడుగుతారు.

మీ ఇంటికి రోజుకు పన్నెండు గ్లాసులంటే నెలకు 900 గ్రాములు. 440 నుంచి 640కి మారితే నెలకు 180 రూపాయలు ఎక్కువ. మీ నాన్నగారి కోసం అది పెట్టొచ్చమ్మా.

ఓరుగల్లు చాయ్
అన్నా, నీ లెక్క ఇంటికి సరే. నాకు రోజుకు మూడొందల కప్పులు, అర్ధ రూపాయి అంటే నెలకు 4,500. నా కొట్టు కిరాయిలో సగం. అందుకే మేం డస్ట్ వాడతాం.

డస్ట్ అంటే ఊడ్చిన దుమ్ము అని కొందరు అనుకుంటరు. కాదు. గింజ సైజును బట్టి జల్లెడ పట్టి పెట్టిన పేరు అది. పెద్ద గింజకు ఒక పేరు, చిన్నదానికి ఇంకోటి, అన్నిటికన్నా సన్నందానికి డస్ట్. మంచి తోట డస్ట్ చెడ్డ తోట గింజ కన్నా ఎంతో మేలు. నేను తెచ్చేది సూపర్ రెడ్ డస్ట్. సన్నగా ఉంటది కాబట్టి రెండు నిమిషాల్లో దిగుతది.

డికాషన్ వేరే, పాలు వేరే పెడతాం. ఇరానీ హోటళ్లలో కూడా అంతే. పాలు ఒక పక్క చిన్న మంట మీద చిక్కగా కాగుతుంటయి, డికాషన్ ఇంకో పక్క మూత పెట్టి ఉంటది, కప్పులో రెండూ కలుస్తయి. పొడిని పాలల్లో వేసి అరగంట ఉడకబెడితే ఎంత మంచి పొడైనా వగరు పట్టి గొంతులో పీకుతది.

నల్ల టీ
డస్ట్ గురించి అన్నది నూటికి నూరుపాళ్లు నిజం. ఒక్క మాట కలుపుతాను. సన్నగా ఉన్న పొడికి గాలి ఎక్కువ తగులుతుంది, కాబట్టి తొందరగా పాతబడుతుంది. కొట్టులో వారంలో అయిపోతుంది కాబట్టి ఇబ్బంది లేదు. ఇంట్లో కిలో ప్యాకెట్ విప్పి మూడు నెలలు వాడేవాళ్లు మాత్రం గింజ టీ కొనుక్కోవడం మేలు. పావు కిలో ప్యాకెట్లు ఇంకా మేలు.

సందేహం
మా బావగారు కలకత్తా నుంచి తెచ్చిన డబ్బా మీద 'ఎఫ్.టి.జి.ఎఫ్.ఓ.పి. 1' అని ఉంది. ఓ.పి. అంటే ఆరెంజ్ పెకో అట. నారింజ వాసన ఏమీ రావడం లేదు. మోసపోయారా?

కూనూరు వేలం
మోసం కాదు. ఆరెంజ్ పెకో అనేది ఆకు సైజు పేరు, నారింజతో సంబంధం లేదు. ముందు చేరిన అక్షరాలు అందులో బంగారు రంగు మొగ్గలు ఎన్ని ఉన్నాయో, ఆకును ఎంత ఏరి కోశారో చెబుతాయి. అంటే చూపు గురించి చెప్పే ముద్ర అది. రుచికి హామీ కాదు. ఏ తోట, ఏ కోత, ఏ సంవత్సరం అన్న మూడూ డబ్బా మీద ఉంటే అప్పుడు దానికి విలువ. అక్షరాలు మాత్రమే ఉండి ఈ మూడూ లేకపోతే నేనైతే ఎక్కువ డబ్బు పెట్టను.

నల్ల టీ
ఇక రెండో ప్రశ్నకు వద్దాం, నాకు ప్రాణమైన భాగం అది.

బ్రాడీపేట అమ్మాయి గారూ, ఆ డబ్బాను పక్కన పడేయకండి. నీళ్లు మరిగాక దించి రెండు నిమిషాలు ఆగండి. 200 మిల్లీలీటర్ల నీళ్లకు రెండున్నర గ్రాములు, అంటే ఈ ఆకు తేలిక కాబట్టి నిండు చెంచా పైనే పడుతుంది. మూత పెట్టి మూడు నిమిషాలు. వడకట్టండి. పాలు వద్దు, మొదటిసారి పంచదార కూడా వద్దు. అదే ఆకులో ఇంకోసారి నీళ్లు పోసి నాలుగైదు నిమిషాలు ఉంచితే రెండో కప్పు వస్తుంది. 9,000 కిలో అంటే కప్పు 22 రూపాయల 50 పైసలు, రెండుసార్లు పోస్తే 11 పైచిలుకు. కేఫ్‌లో కూర్చుంటే ఆ డబ్బుకు నీళ్ల సీసా కూడా రాదు.

డబ్బా మీద మొదటి కోత అని ఉందా, రెండో కోత అని ఉందా చూడండి. మార్చి, ఏప్రిల్ ఆకైతే లేత పసుపు రంగు, పూల వాసన. మే, జూన్ ఆకైతే రాగి రంగు, పండిన ద్రాక్ష వాసన. ఆ ద్రాక్ష వాసన ఎలా వస్తుందో మిరప పండించే గుంటూరు వాళ్లకు తప్పక చెప్పాలి. పచ్చదోమ, తామర పురుగులు లేత ఆకు రసం పీలుస్తాయి. దెబ్బ తిన్న మొక్క తనను కాపాడుకోవడానికి కొన్ని పదార్థాలు తయారు చేసుకుంటుంది. ఫ్యాక్టరీలో అవే ఆ వాసనగా మారతాయి.

బ్రాడీపేట అమ్మాయి
తామర పురుగా! మా పెదనాన్న వాళ్ల మిరప చేను 2021లో దానివల్లే పోయింది. ఆ పేరు చెబితే ఆయనకు ఇప్పటికీ బాధే. అక్కడ దాని వల్ల రేటు పెరుగుతుందంటే నమ్మలేకపోతున్నాను.

నల్ల టీ
జాతి వేరు కానీ కుటుంబం అదే. పురుగు మరీ ఎక్కువైతే అక్కడా పంట పోతుంది. కొంచెం కొరికి వదిలేసిన ఆకుకే ఆ విలువ.

తిరుగుబోతు
డార్జిలింగ్ మాట వచ్చింది కాబట్టి నా అనుభవం చెబుతాను. మూడేళ్ల కింద కొండ మీద బజారులో ఒక షాపులో అరకిలో కొన్నాను, "తోట నుంచి నేరుగా" అన్నారు. ఇంటికొచ్చి చూస్తే బిల్లు మీద తోట పేరు లేదు, ప్యాకెట్ మీద ముద్ర లేదు. తాగితే గడ్డి కషాయంలా ఉంది. అంత డబ్బు పోసి ఇంటిల్లిపాదికీ పంచాను, నాకు చాలా బాధేసింది.

కూనూరు వేలం
మీలా చాలామందికి జరిగింది. మన దేశంలో మొట్టమొదట భౌగోళిక గుర్తింపు పొందిన సరుకు డార్జిలింగ్ టీయే, 2004లో. ఆ పేరు పెట్టుకునే హక్కున్న తోటలు 87. అవన్నీ కలిపి పండించేది దేశం పండించే సుమారు 130 కోట్ల కిలోల టీలో ఒక్క శాతం కూడా కాదు. 2017లో అక్కడ 104 రోజుల బంద్ జరిగినప్పుడు రెండో కోత చాలావరకు పోయింది. సరుకు తక్కువ, పేరు పెద్దది, కాబట్టి పక్క ప్రాంతాల ఆకు ఆ పేరుతో అమ్ముడవుతుంటుంది. టీ బోర్డు ముద్ర ఉంటుంది, ఆకు పట్టుకున్న స్త్రీ బొమ్మతో. అదీ, తోట పేరూ చూసి కొనండి.

కువైట్ కడప
ఇక్కడ మేం రూములో సిలోన్ టీ తాగుతాం. పాలు లేకుండా, యాలక్కాయ, నిమ్మ చుక్కలతో సులేమానీ. ప్యాకెట్ మీద కత్తి పట్టిన సింహం గుర్తుంటే అది శ్రీలంకలోనే ప్యాక్ చేసిన అసలు సిలోన్ టీ అని అర్థం. రేటు మామూలే, కానీ నల్ల టీగా తాగడానికి బాగా సరిపోతుంది. మొదటిసారి పాలు లేని టీ తాగేవాళ్లు డార్జిలింగ్ కన్నా దీంతో మొదలుపెడితే అలవాటు పడతారని నా అభిప్రాయం.

వార్తలు చదివేవాడు
అస్సాంలో ఒక టీ కిలో లక్ష రూపాయలకు అమ్ముడైందని చదివాను. అందులో ఏముంటుంది?

కూనూరు వేలం
మనోహరి గోల్డ్. 2021 డిసెంబరులో గౌహతి వేలంలో 99,999 రూపాయలు పలికింది. అమ్మింది ఒక్క కిలో. తెల్లవారుజామున మొగ్గలు మాత్రమే ఏరి చేస్తారు, చాలా శ్రమ. కానీ ఆ ధరలో తోట పేరు ప్రతిష్ఠ కూడా ఉంది. మనం కొనే టీల ధరకు, దానికి పోలిక పెట్టుకోకూడదు.

లీడ్స్ తెలుగు
ఇంతమంది ఆకు గురించి రాశారు, నీళ్ల సంగతి ఎవరూ ఎత్తలేదు. నేను లండన్‌లో నాలుగేళ్లు ఉండి లీడ్స్‌కు మారాను. అదే టీ బ్యాగుల పెట్టె, అదే పాలు. లండన్‌లో కప్పు మీద మురికి తెట్టు కట్టి, రుచి చప్పగా ఉండేది. ఇక్కడ మొదటి రోజే రంగు మెరిసింది. లండన్ నీళ్లలో సున్నం ఎక్కువ, ఇక్కడి నీళ్లు మెత్తన. యార్క్‌షైర్ టీ అనే ఇక్కడి బ్రాండు వాళ్లు కఠిన జలం ఉన్న ఊళ్ల కోసం విడిగా ఒక పెట్టే అమ్ముతారు.

సంక్రాంతికి విజయవాడ వచ్చినప్పుడు అమ్మ బోరు నీళ్లతో టీ పెడితే అదే తెట్టు చూశాను. మంచినీళ్ల క్యాన్‌లోంచి తీసి పెట్టమన్నాను. పొడి మార్చకుండానే టీ మారిపోయింది. బ్రాడీపేట అమ్మాయి గారూ, డబ్బు పెట్టే ముందు ఇది చూడండి, ఖర్చు లేని పని.

కిరాణా కొట్టు
మంచి మాట చెప్పారు. లూజు టీ గురించి కూడా ఒక హెచ్చరిక. నేనూ లూజు అమ్ముతాను, నమ్మకమైన చోట తెస్తే ప్యాకెట్ కన్నా తాజాగా ఉంటుంది. కానీ మరీ చవకగా ఇస్తామన్నవాళ్ల దగ్గర వద్దు. వాడేసిన పొడిని ఆరబెట్టి రంగు వేసేవాళ్లున్నారు, జీడిపప్పు మీది ఎర్ర పొట్టు నూరి కలిపేవాళ్లున్నారు. వడపోత కాగితం మీద పొడి చల్లి, నీళ్లు చిలకరించి, కాసేపాగి కుళాయి కింద కడిగి, కాగితాన్ని వెలుతురుకు పట్టి చూడండి. మరకలు పడితే రంగు కలిసినట్టే. అయస్కాంతం తిప్పి చూస్తే ఇనుప రజను ఉందో లేదో తెలుస్తుంది. రోలర్ల అరుగుదల వల్ల కొద్దిగా రావచ్చు, కానీ ఒక పరిమితి దాటకూడదని ఆహార భద్రతా నిబంధన.

ఇంకొకటి, ఖరీదైన ప్యాకెట్లలో కొన్ని అందమైన రేకు డబ్బాల్లో వస్తాయి. ఆ డబ్బా డబ్బు కూడా మీరే కడుతున్నారు.

ఓరుగల్లు చాయ్
640 దాటి పాల టీకి పెట్టొద్దని నా మాట. అల్లం, యాలకులు వేసినంక 1,100 పొడి ఎక్కడ కనబడ్తది?

కూనూరు వేలం
అల్లం వేస్తే నిజమే. ఏమీ వేయకుండా తాగేవాళ్లకు మంచి అస్సాం సీటీసీ 800, 900 దాకా తేడా చూపిస్తుంది, ఆ పైన నాకే తెలియదు, బల్ల దగ్గర తెలుస్తుంది కానీ పాల గ్లాసులో తెలియదు. అందరికీ ఒకే గీత గీయలేం. పావు కిలోలు రెండు మూడు తెచ్చి, పేరు చెప్పకుండా నాన్నగారికి ఇవ్వండి. ఒకే గిన్నె, ఒకే నీళ్లు, పొడి తూకం వేసి, గడియారం చూసి నాలుగు నిమిషాలు. పొడి ఎంత వేశారో తూయకపోతే ఆ పోలికకు అర్థం ఉండదు.

బ్రాడీపేట అమ్మాయి
మూడు వారాలైంది, ఏం జరిగిందో చెప్పాలని వచ్చాను.

ముందు నీళ్లు మార్చాం. బోరు నీళ్లు మానేసి తాగే నీళ్లతో పెట్టాం, పాత 440 పొడితోనే. అమ్మ మొదటి రోజే "పైన తెట్టు లేదే" అంది. తర్వాత ఆదివారం నాలుగు రకాలు తెచ్చాను: 350, 440, 640, 1,100. వంటింటి తూకంలో తూచాం. గ్లాసుల అడుగున కాగితం ముక్కలు అంటించి నాన్న ముందు పెట్టాను. పక్కింటి మాస్టారిని కూడా పిలిచారు నాన్న, ఇద్దరూ పరీక్ష పేపర్లు దిద్దినంత శ్రద్ధగా తాగారు.

350ని ఇద్దరూ మొదటి గుక్కకే వద్దన్నారు, గొంతులో వగరు మిగిలిందట. 440, 640 మధ్య తేడా ఇద్దరికీ తెలిసింది. 640 తాగాక నోరు శుభ్రంగా ఉందన్నారు. 1,100 దగ్గర మాస్టారు తేడా ఉందన్నారు, నాన్న లేదన్నారు. మళ్లీ గ్లాసులు మార్చి పెడితే మాస్టారు కూడా తప్పు చెప్పారు. ఇప్పుడు ఇంట్లోకి 640 తెస్తున్నాం, పావు కిలో చొప్పున.

డార్జిలింగ్ ఆకును నల్ల టీ గారు చెప్పినట్టే మూడు నిమిషాలు పెట్టాను. అది రెండో కోత, డబ్బా వెనకాల తోట పేరు కూడా ఉంది. నాన్న ముందు అనుమానంగా చూశారు. సగం తాగాక తమ్ముడికి ఫోన్ చేసి, "ఒరేయ్, ఇది బాగుందిరా, ఆ రోజు మేమే పాడు చేశాం" అన్నారు. ఇప్పుడు మధ్యాహ్నం నిద్ర లేచాక ఒక కప్పు అదే, పాలు లేకుండా. పెదనాన్నకు కూడా పోసిచ్చాను, తామర పురుగు సంగతి చెప్పి. ఆయన కప్పు వాసన చూస్తూ చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

డబ్బాలో ఇంకా 40 గ్రాములుంది. తమ్ముడు దసరాకు వచ్చేదాకా దాచి ఉంచుదామంటున్నారు నాన్న. ఉంచొచ్చా?

నల్ల టీ
గాలి చొరబడని డబ్బాలో, పొయ్యికీ మసాలాలకూ దూరంగా పెడితే పాడవదు, ఫ్రిజ్‌లో మాత్రం పెట్టకండి. కానీ విప్పిన డబ్బా కదా, వాసన రోజురోజుకూ తగ్గుతుంది. నాన్నగారిని ఇప్పుడే తాగేయమనండి. దసరాకు తమ్ముడు వచ్చేటప్పుడు కొత్త డబ్బా తెస్తాడు.